వెనక్కి తిరగని కోటు

ఆ కొండకి ఒక పద్ధతి ఉంది. కింద రాతి గుమ్మం దాటేటప్పుడు ఎవరి పేరు వాళ్ళు అక్కడే వదిలేయాలి. గుమ్మం పక్కన తొట్టెలో నీళ్ళుంటాయి. దోసిట్లో కాసిని నీళ్ళు తీసుకుని, తమ పేరు తమకే వినబడేంత మెల్లగా వాటిలోకి చెప్పి, ఆ నీళ్ళు నేల మీద వదిలి, కాలు అవతల పెట్టాలి. పేరుతో పాటు వరసలు కూడా అక్కడే ఆగిపోతాయి. పైన గుహలో ఉన్నావిడ ఒక్కతే అమ్మ. ఎక్కేవాళ్ళంతా బిడ్డలే. పండు ముసలాయన్ని కుర్చీలో మోసుకెళ్ళే కూలీ కూడా "కాళ్ళు కాస్త ముడుచుకో బిడ్డా" అనే అంటాడు. "అలాగే బిడ్డా" అని ఆ పెద్దాయన ముడుచుకుంటాడు.

ఎవరైనా మరిచిపోయి పేరు పెట్టో వరస పెట్టో పిలిస్తే పలకకూడదు. తల తిప్పి చూడకూడదు. చూస్తే ఎక్కిందంతా వృథా. కిందికి దిగి మళ్ళీ గుమ్మం దగ్గర మొదలుపెట్టాలి. దర్శనం అయ్యాక గుమ్మం దాటి ఇవతలికి వస్తే, వెంట వచ్చినవాళ్ళు వెనక నిలబడి ఇంట్లో పిలిచే పిలుపుతో పిలుస్తారు. అప్పుడు తిరగాలి. వదిలేసినవన్నీ మళ్ళీ మనిషికి వచ్చి చేరినట్టు లెక్క.

ఇదంతా అత్తగారు బస్సులో చెప్పింది. బస్సు దిగాక చెప్పింది. తొట్టె దగ్గర వరసలో నిలబడి కూడా చెప్పింది. కోడలు అన్నిసార్లూ బుద్ధిగా ఊఁ కొట్టింది.

గుమ్మం దాటగానే అత్తగారు మోకాళ్ళ మీద చేతులానించి ఊపిరి తీసుకుని, "ఊఁ, పద బిడ్డా" అంది.

"మెల్లగా నడవండి అత్తయ్యా."

"అదిగో. మొదటి అడుగులోనే తప్పావు. పక్కనే ఉన్నావు కాబట్టి సరిపోయింది, తల తిప్పే పని లేకపోయింది. బిడ్డా అను."

"మిమ్మల్నా?"

"మీరు కూడా లేదిక్కడ. నువ్వు."

"నాకు నోరు రాదు. మిమ్మల్ని ఏమీ పిలవకుండానే నెట్టుకొస్తాను లెండి."

"కొత్తలోనూ అంతేగా. నన్నేమని పిలవాలో తెలియక, వంటింట్లోకి వచ్చి గిన్నెలు చప్పుడు చేసేదానివి. నేనే పిల్లి దూరిందేమో అని వచ్చి చూసేదాన్ని."

కోడలు నవ్వింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ముందు నడుస్తున్న అత్తగారి వీపు మీద గోధుమరంగు కోటు ఉంది. ఆ కోటు అత్తగారి కొడుకుది. అంటే తన భర్తది.

అతనిది కిటికీలకు అద్దాలు బిగించే పని. పెన్సిలుకో జేబు, కొలత టేపుకో జేబు, గుడ్డముక్కకో జేబు, ఇలా కోటు నిండా జేబులే. కిందటి వానాకాలంలో ఒక రోజు ఉక్కగా ఉందని కోటు ఇంట్లో వదిలి పనికి వెళ్ళాడు. మధ్యాహ్నం ఫోను వచ్చింది. ఎవరిదో తెలియని గొంతు, "మీరొకసారి రావాలండి" అంది. ఎందుకో చెప్పలేదు. ఎత్తున పని చేసేవాళ్ళ ఇళ్ళల్లో అది అడిగి తెలుసుకోనక్కర్లేదు.

తర్వాత చాలా నెలలు ఆ కోటు తలుపు వెనక మేకుకే ఉంది. ఊడ్చేటప్పుడు ఇద్దరూ దానికి తగలకుండా ఊడ్చేవారు. అమ్మవారి గుహకి తీసుకెళ్తానని అతను తల్లికి ఏటా చెప్పేవాడు, ఏటా ఏదో ఒక పని అడ్డం పడేది. మొన్నామధ్య ఒక పొద్దున అత్తగారు మేకు మీంచి కోటు తీసి దులిపి, "పైన చలిట. ఇది ఉండగా ఇంకొకటి ఎందుకు?" అంది. ప్రయాణం సంగతి అదే మొదటిసారి ఎత్తడం.

కోడలు ఒక టైలరింగ్ షాపులో పొద్దస్తమానం కాజాలు కుడుతుంది. కోటు భుజాలు తనే లోపలికి తీసింది. కింద అంచు చిరిగి వేలాడుతోంది. ఆ మడత మందంలోకి మిషను సూది దిగలేదు. దళసరి దారం రెండు పేటలు వేసి చేత్తోనే కుట్టింది, అక్కడక్కడా ముడి వేసుకుంటూ. షాపులో ఇలాంటి కుట్టు వేస్తే మాస్టరు విప్పించేవాడు. అత్తగారు మాత్రం వేలితో తడిమి చూసి, "గట్టిగా ఉంది" అంది.

గుండె డాక్టరు ముందు కొండలూ గిండలూ వద్దే వద్దన్నాడు. అత్తగారు ఆయన ఎదుట కుర్చీలోంచి లేవకుండా కూర్చుంటే, బయట జనం పెరిగిపోతుంటే, చివరికి ఒక మాట అన్నాడు. "ఆగి ఆగి ఎక్కండి. నొప్పి అనిపిస్తే ఆలస్యం చేయకుండా మాత్ర నాలుక కింద పెట్టుకోండి. మాత్ర చేతికి అందేలా ఉండాలి. తెలిసిందా?" ఆ తెలిసిందా అన్నది కోడలివైపు చూసి.

తెలియకేం. ఆ ఫోను వచ్చిన రోజు నుంచి ఆమెకి ఇంకో పని లేదు. అత్తగారు స్నానాల గదిలో కాస్త ఆలస్యం చేస్తే తలుపు తడుతుంది. పాలకి వెళ్ళి రావడం లేటయితే వీధి చివరికి వెళ్ళి నిలబడుతుంది. మనిషిని వదిలిన చోట మనిషి కనబడకపోతే అరచేతులు చల్లబడిపోతాయి. "నా మెడకో గంట కట్టెయ్, ఇద్దరికీ హాయి" అంటుంది అత్తగారు. అంటుందే గానీ, ఎక్కడికి వెళ్ళినా చెప్పి వెళ్తుంది.

దారి మెలికలు తిరుగుతూ పైకి పోతోంది. ఒక మలుపులో అత్తగారు ఆగి, గోడ పట్టుకుని, రెండో చేయి కోటు మీద ఆనించింది. పెదవులు తెల్లబడ్డాయి. కోడలు హ్యాండ్‌బ్యాగు పక్క జిప్పు లాగి, మాత్ర తీసి నోటికి అందించింది. కుర్చీ మోసేవాళ్ళు ఆగి, "ఎక్కుతావా బిడ్డా?" అని అడిగారు. అత్తగారు వద్దని చేయి ఊపింది. కాసేపటికి పెదవుల్లోకి రంగు వచ్చింది.

"దిగిపోదాం" అంది కోడలు.

"దిగిపోతే మళ్ళీ ఎక్కగలనా?"

కోడలు మాత్రల పట్టీ మళ్ళీ జిప్పులో పెట్టి, జిప్పు రెండుసార్లు తడిమి చూసుకుంది.

కొండ పైన, గుహకి ఎదురుగా, చదునైన ముంగిలి ఒకటి ఉంది. ఒక పక్క రేకుల కప్పు కింద సామాను గది. సంచులూ ఫోన్లూ లోపలికి తీసుకెళ్ళనివ్వరు. గది కిటికీలో కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని కూర్చున్న మనిషి, హ్యాండ్‌బ్యాగూ, తిండి డబ్బా ఉన్న చేతిసంచీ అందుకుని వెనక ఇనప అరలో పడేసి, ఇత్తడి టోకెన్ ఒకటి ఇచ్చాడు. కోడలు దాన్ని తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది. ఈమధ్య తన దగ్గర ఏ వస్తువూ నిలవడం లేదు. తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకుని మెట్ల మీద కూర్చున్న రోజులున్నాయి. అత్తగారు టోకెన్‌ని కోటు లోపలి జేబులో వేసి, పైన పిన్నీసు పెట్టింది.

"ఈ బల్ల మీదే కూర్చోండి. చెప్పులు ఇచ్చి వస్తాను. కదలకండి."

"ఎక్కడికి కదులుతాను?"

చెప్పుల గది ముంగిలి రెండో చివర ఉంది. అక్కడ వరస మెల్లగా సాగింది. రెండు జతల చెప్పులూ కిటికీలోంచి లోపలికి తోస్తుండగా కోడలి చేయి ఆగిపోయింది. మాత్రలు హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి. పక్క జిప్పులో. రెండుసార్లు తడిమి చూసుకుని మరీ పెట్టిన చోటే ఉన్నాయి.

"టోకెన్ తీసుకో బిడ్డా!" అని చెప్పులవాడు వెనక నుంచి కేకేస్తున్నా వినకుండా పరుగెత్తింది.

బల్ల మీద అత్తగారు లేదు. లావుపాటి మనిషి ఒకాయన కూర్చుని అరికాలిలో దిగిన రాయి తీసుకుంటున్నాడు.

"ఇక్కడ ఒక పెద్దావిడ కూర్చుని ఉండాలి. కోటు వేసుకుని."

"నేనొచ్చేసరికి ఖాళీగానే ఉంది బిడ్డా."

"ఎంతసేపైంది మీరొచ్చి?"

"ఇదిగో, ఈ రాయి తీస్తున్నంతసేపు."

అరచేతులు చల్లబడ్డాయి. ముంగిలి నిండా జనం. అందరూ శాలువాలు కప్పుకుని, తలలకి గుడ్డలు చుట్టుకుని, వెనక నుంచి చూస్తే అందరూ ఒక్కలాగే ఉన్నారు. నీళ్ళ కుళాయి దగ్గర చూసింది. మరుగుదొడ్ల దగ్గర చూసి, మూసిన తలుపులు ఒక్కొక్కటే తట్టింది. లోపల నుంచి వచ్చిన తిట్లలో అత్తగారి గొంతు లేదు. లోయ అంచున కట్టిన గోడ దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. చూసి, ఎందుకు చూశానా అనుకుని వెనక్కి వచ్చేసింది. మళ్ళీ సామాను గదికి వెళ్ళింది.

"నా బ్యాగు ఒక్కసారి ఇవ్వండి. నల్లది. ఇందాకే ఇచ్చాను."

"టోకెన్?"

"మా అత్తయ్య దగ్గరుంది. ఆవిడ కనబడట్లేదు. ఆవిడ గుండె మాత్రలు ఆ బ్యాగులో ఉన్నాయి."

ఆయన నుదుటి మీది కళ్ళజోడు కళ్ళకి దింపి, వెనక్కి తిరిగి అరలవైపు చూశాడు. అరల నిండా నల్ల బ్యాగులే. "నీదేదో నాకేం తెలుసు బిడ్డా? రేపు ఇంకో బిడ్డ వచ్చి నాది ఎవరికి ఇచ్చావయ్యా అంటే నేనేం చెప్పను? ముందు ఆ పెద్ద బిడ్డని పట్టుకో. ఆ బిడ్డ దొరికితే టోకెన్ దొరుకుతుంది, టోకెన్ దొరికితే మందూ దొరుకుతుంది. అదిగో, మైకు గది."

కోడలికి ఆ లెక్క తిరగేసి వినిపించింది. మందు దొరకాలంటే ముందు మనిషి దొరకాలి. మనిషి దొరికేసరికి. అక్కడితో ఆలోచన ఆపేసి మైకు గది మెట్లెక్కింది.

మైకు గది అంటే అద్దం కిటికీ ఉన్న చిన్న పెట్టెలాంటి గది. అందులోంచి ముంగిలి అంతా కనబడుతుంది, గుహ నోరు కూడా. చెవుల మీదుగా మఫ్లరు చుట్టుకున్న మైకాయన టీ గ్లాసు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఇందాకటి నుంచీ కొండంతా మోగుతున్న గొంతు ఇతనిదే. ఎదుటపడి మాట్లాడితే మాత్రం గుసగుసలా ఉంది.

"ఎవరు బిడ్డా తప్పిపోయింది?"

"మా అత్తయ్య."

"కొండ మీద అత్తయ్యలు ఉండరు బిడ్డా."

"అయ్యో, దయచేసి ఇప్పుడు ఇవన్నీ... ఆవిడకి గుండె జబ్బు. మందు దగ్గర లేదు."

మైకాయన టీ గ్లాసు కింద పెట్టేశాడు. "సరే, నా గొంతు కంటే నీ గొంతయితే తొందరగా గుర్తుపడుతుంది. ఇదిగో, ఇక్కడ నొక్కి మాట్లాడు. పద్ధతి తెలుసుగా?"

తెలుసునన్నట్టు తలూపింది. గాలికి కిటికీ అద్దం టకటకమంటోంది. చట్రంలో లప్పం ఎండి రాలిపోయింది. అతనైతే ముందు బొటనవేలితో ఆ అద్దాన్ని నొక్కి చూసేవాడు, ఎవరి ఇంటికి వెళ్ళినా అంతే. ఆ తలపు వచ్చిందో లేదో, చూపు అద్దం దాటి గుహ వైపు పోయింది. గుహ నోటికి ఎడమ పక్క ముసలివాళ్ళకి వేరే వరస ఉంది. ఆ వరసలో, నోటికి కాస్త ఇవతల, గోధుమరంగు కోటు.

చేయి మైకు మీద పడింది.

"అత్తయ్యా!"

కొండ ఒక్కసారి ఆ కేకని ఎదురు విసిరింది. అత్తయ్యా, అత్తయ్యా అంటూ అది లోయలోకి పోయింది. ముంగిట్లో ఉన్న అత్తగార్లంతా మెడలు బిగించుకుని ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఒక్కరూ తిరగలేదు. కోటు కూడా తిరగలేదు.

"అత్తయ్యా, నేనే! ఇటు చూడండి! మైకు గదిలో ఉన్నాను!"

కోటు కదిలింది. వెనక్కి కాదు, ముందుకి. ముందున్న ముసలాయన భుజం మీద చేయి వేసి ఏదో చెప్పింది. ఆయన పక్కకి తప్పుకున్నాడు. ఇంకొకావిడని దాటింది.

"అత్తయ్యా! ఆగండి! మీ మాత్రలు..."

కోటు గుహ నోట్లోకి వంగి, లోపలికి పోయింది.

మైకాయన మీట ఆపేశాడు. "పద్ధతి తెలుసన్నావు కదా బిడ్డా."

"విని కూడా వెళ్ళిపోయింది. ఎందుకు?"

"ఎందుకేంటి? తిరిగి చూస్తే మళ్ళీ కింద నుంచి ఎక్కాలి. గుండె జబ్బు మనిషి మళ్ళీ ఎక్కగలదా? నువ్వు పిలుస్తుంటే ఎక్కడ తల తిరిగిపోతుందో అని తప్పించుకుని పోతోంది. నువ్వు పిలిచినకొద్దీ ఆవిడ పరుగు."

దిగిపోతే మళ్ళీ ఎక్కగలనా అని అత్తగారు మలుపులో అడిగిన మాట గుర్తొచ్చింది. తను మెట్లెక్కలేని మనిషిని కేకలేసి మరీ తరిమింది. మెట్లు దూకుతూ దిగుతున్నప్పుడు వెనక కొండ మోగింది. "ముసలి బిడ్డల వరసలో ఉన్న బిడ్డలారా, ఒక చిన్న బిడ్డ మందు కోసం పరుగెత్తి వస్తోంది. దారివ్వండి."

మందు కోసం. మందు తెచ్చి కాదు. చేతులు ఖాళీగానే ఉన్నాయన్న సంగతి వరస దగ్గరికి వచ్చాకే తట్టింది.

కర్ర పట్టుకున్న కాపలామనిషి అడ్డం వచ్చాడు. "ఇది ముసలి బిడ్డల వరస. నీకింకా చాలా టైముంది."

"లోపలికి వెళ్ళినావిడకి గుండె జబ్బు. మాత్రలు సామాను గదిలో ఉండిపోయాయి, టోకెన్ ఆవిడ దగ్గరుంది, నేను..." మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

వరస చివర ఉన్న ఒక పెద్దాయన చేయి చాచి ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏం మాత్ర?"

పేరు చెప్పింది.

"నాలుక కింద పెట్టుకునేదేగా? దానికి సామాను గది దాకా ఎందుకు బిడ్డా? ఈ వరసలో ఆ మాత్ర లేని జేబు ఒక్కటి చూపించు." చొక్కా జేబులోంచి పట్టీ తీశాడు. ఆయన వెనకావిడ కొంగు ముడి విప్పి ఇంకో పట్టీ తీసింది. మూడో ఆయన తనది పైకెత్తి చూపించాడు, గొప్పగా. కోడలు పెద్దాయన చేతిలోని పట్టీ వెలుతురుకి పట్టి అక్షరాలు ఒక్కొక్కటే చదివింది. అదే పేరు. అదే మోతాదు. రెండోసారి చదివింది.

"సరిపోయిందా? వెళ్ళు మరి. కర్ర బిడ్డా, దాన్ని పోనీ."

కర్ర పక్కకి జరిగింది.

గుహలోకి మనిషి వంగే వెళ్ళాలి. లోపల దీపం లేదు. చిట్టచివర అమ్మ దగ్గర ఒక్కటే దీపం. అక్కడిదాకా ముందున్నవాళ్ళ బట్ట అంచు పట్టుకుని నడవాలి. ఎవరి అంచు ఎవరు పట్టుకున్నారో తెలియదు, తెలియనక్కర్లేదు అని అత్తగారు బస్సులో చెప్పింది. కాళ్ళ కింద చల్లటి నీళ్ళు పారుతున్నాయి. రెండు పక్కలా తడిరాయి భుజాలకి రాసుకుంటోంది. వెనక నుంచి ఎవరో "మందు బిడ్డ వస్తోంది, ముందుకి పంపండి" అన్నారు. ఆ మాట చీకట్లో ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెళ్ళింది. ముసలివాళ్ళు ఒక్కొక్కరూ రాయికి అతుక్కుని దారిస్తున్నారు. ఒకరి శాలువా కుచ్చు వదిలి ఇంకొకరి కొంగు, కొంగు వదిలి చొక్కా, చొక్కా వదిలి దుప్పటి. మాత్ర ఇంకో పిడికిట్లో చెమటకి తడుస్తోంది. ఇంత ముందుకొచ్చినా ఆ గొంతు వినబడలేదు. తూలి నీళ్ళలో పడి ఉంటే? పడితే వీళ్ళ కాళ్ళకి తగిలేది కదా. తగిలినా రాయి అనుకుని దాటేస్తే?

దుప్పటి పెద్దమనిషి ఒదిగాడు. ఆమె చేయి చాచింది. దళసరి గుడ్డ మడత ఒకటి వేళ్ళకి తగిలింది. మడత మీద రెండు పేటల దారం. కాస్త దూరంలో ముడి. ఇంకాస్త దూరంలో ఇంకో ముడి.

ఈ కుట్టు తనది.

కోటు కదలడం లేదు. వెనకవాళ్ళ అడుగులు దగ్గరగా వచ్చి ఆగాయి. "ఏం, ఆగిపోయిందేం?" అంది ఎవరిదో గొంతు. ముందు నుంచి అడుగుల చప్పుడు దూరమవుతోంది. వరస తెగి ముందువాళ్ళు వెళ్ళిపోయారు. కోటు మనిషి ఒక చేయి రాతికి ఆనించి నిలబడి ఉంది. ఊపిరి ఈలలా వస్తోందో, అది నీళ్ళ చప్పుడో తెలియడం లేదు.

అత్తయ్యా అనే మాట గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది. పిలిస్తే పలకదు. పలకకపోతే అది పద్ధతి కోసం పలకకపోవడమో, పలకలేకపోవడమో ఈ చీకట్లో ఎలా తెలుస్తుంది?

 కోటు అంచు గట్టిగా పట్టుకుంది.

"బిడ్డా" అంది. తన గొంతు తనకే కొత్తగా ఉంది. "బిడ్డా, నేనొచ్చాను."

నీళ్ళ చప్పుడు.

"ఆఁ" అంది చీకట్లోంచి అత్తగారు. చాలా చిన్న గొంతు. "వచ్చావా?"

"నొప్పిగా ఉందా?"

"ఊఁ."

"మాట్లాడకు. నోరు తెరువు." వెనక నుంచే చేయి చాచి తడిమింది. చెవి తగిలింది, చెంప తగిలింది, తడి తగిలింది, గడ్డం తగిలింది. "నాలుక ఎత్తు బిడ్డా. ఊఁ. ఇప్పుడు మూసెయ్."

అత్తగారు మూసింది. కోడలు రెండు చేతులూ ఆమె చంకల కింద నుంచి పోనిచ్చి, తన ఒంటికి ఆనించుకుని నిలబడింది. కోటు కింద ఆ గుండె కొట్టుకోవడం అరచేతికి తెలుస్తోంది. ఒకసారి తొందరగా, ఒకసారి ఆగి. వెనక దుప్పటి పెద్దమనిషి తన వెనకవాళ్ళకి చెబుతున్నాడు: "మందు వేస్తున్నారు. తోసుకోకండి బిడ్డల్లారా. అమ్మ ఎక్కడికీ పోదు." ఆ మాట వెనక్కి వెనక్కి వెళ్ళి, ఎక్కడో గుహ నోటి దగ్గర ఎవరిదో దగ్గులో కలిసిపోయింది. ఎవరూ తోయలేదు. అంతమంది ముసలివాళ్ళు చల్లటి నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని అలా నిలబడే ఉన్నారు.

అరచేతి కింద గుండె మెల్లమెల్లగా ఒక దారికి వచ్చింది. అయినా కోడలు చేతులు తీయలేదు.

"వదులు బిడ్డా" అంది అత్తగారు చివరికి. "నా అంచు పట్టుకో. తల వంచు, ఇక్కడ రాయి దిగి ఉంది."

దీపం దగ్గర విగ్రహమేమీ లేదు. తడిరాయి ఒకటి, దాని మీద ఎర్రబట్ట. అత్తగారు ఆ రాయికి నుదురు ఆనించింది. ఎంతోసేపు కాదు. ఇద్దరూ అవతలి దారిలోంచి వెలుతురులోకి వచ్చేశారు.

బ్యాగూ సంచీ తీసుకుంటున్నప్పుడు సామాను గది ఆయన టోకెన్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "దొరికిందన్నమాట" అన్నాడు. దొరికినది టోకెన్ అన్నట్టే ఉంది. కానీ బ్యాగు అందించి, కళ్ళజోడు పైకి తోసి, అత్తగారిని ఒకసారి నిండుగా చూశాడు.

చెప్పుల గదిలో తమ జతలు వెతికి తీసుకుని, మెల్లగా దిగారు. ప్రతి మలుపులోనూ కూర్చున్నారు. కోడలికి కోపం ఇప్పుడు వచ్చింది.

"బల్ల మీంచి కదలనన్నావు కదా బిడ్డా."

"ముసలి బిడ్డలంతా ఇటు రండి అని పిలిచారు. నీకు కూడా చోటు పట్టి ఉంచుదామని లేచా. ఈలోగా మైకులో మొదలుపెట్టావు." అత్తగారు అరికాళ్ళు రుద్దుకుంది. "ఆ పిలుపు వినగానే తల దానంతటదే తిరగబోయింది. మెడ రెండు చేతులతో పట్టుకున్నాననుకో."

"నాకు ఎంత భయమేసిందో తెలుసా?"

"తెలుసు. నాకూ వేసింది." అత్తగారు కోటు మోకాళ్ళ మీదికి లాక్కుంది. "అమ్మని ఒకటి అడగాలని వచ్చాను. వాణ్ణి ఎందుకు తీసుకెళ్ళావని. అక్కడ నుదురు ఆనించాక నోరు పెగల్లేదు. ఇవాళ నేను ఎవరికీ తల్లిని కాదు కదా. ఎవడి గురించి అడగను?"

కోడలు అత్తగారి కోటు పై గుండీ ఊడి ఉంటే పెట్టింది.

గుమ్మం కనబడగానే అత్తగారు పక్కనున్న గోడ మీద కూలబడింది. కోడలు కంగారుగా జిప్పు లాగబోతే చేయి పట్టుకుంది. "నొప్పి లేదు. ఇంకాసేపు కూర్చుందాం. దాటితే మళ్ళీ అన్నీ వచ్చేస్తాయి."

కూర్చున్నారు. జనం దాటుతున్నారు. దాటినవాళ్ళని వెనకవాళ్ళు పిలుస్తున్నారు. నాన్నా, పిన్నీ, ఏవండీ, ఒరేయ్. పిలిచిన ప్రతిసారీ ఒక మెడ తిరుగుతోంది, ఒక మొహం నవ్వుతోంది. ఎండ గోడ మీంచి కిందికి దిగింది.

చివరికి అత్తగారు తనంతట తనే లేచింది. గుమ్మం దాటి, అవతల నాలుగడుగులు వేసి, వీపు ఇటు పెట్టి నిలబడింది. కోడలు గుమ్మంలో నిలబడి ఆ కోటుని చూసింది. పిలవాలి. పిలిస్తే ఆ మేకు, ఆ తలుపు, ఆ ఇల్లు. పిలవకపోతే ఆవిడ అలా నిలబడే ఉంటుంది. ఇందాక మైకులో అంత గట్టిగా అరిచిన మాట ఇప్పుడు చాలా మెల్లగా వచ్చింది.

"అత్తయ్యా."

కోటు తిరిగింది.

అత్తగారి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఊఁ, ఇప్పుడు నువ్వు. ఇటు వచ్చి అటు తిరుగు. నిన్ను పిలవద్దూ?"

కోడలు గుమ్మం దాటి, ఆమెను దాటి, రోడ్డు వైపు మొహం పెట్టి నిలబడింది. వెనక నుంచి పిలుపు రాలేదు. ఒక్క క్షణం. ఇంకో క్షణం. అరచేతులు చల్లబడ్డాయి. తిరిగి చూడకూడదు, చూడకుండా ఉండడం ఆమె వల్ల కావడం లేదు. అప్పుడు వెనక టంగుమని చప్పుడైంది. మళ్ళీ టంగుమంది. అత్తగారు చేతిసంచీలోని స్టీలు డబ్బా మీద గ్లాసుతో కొడుతోంది.

"అది పిలుపు కాదు అత్తయ్యా. నేను తిరగను."

"నేర్పింది నువ్వేగా" అంది వెనక నుంచి అత్తగారు. గ్లాసు సంచీలో పెట్టిన చప్పుడు. ఆ తర్వాత, ఇంట్లో రోజూ పిలిచే గొంతుతో: "అమ్మాయ్, బస్సొచ్చేస్తుంది. పద."

కోడలు తిరిగింది.